రక్తపింజరి కాటు, ఎలుక కిడ్నీ: వైద్య మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి, ధర్మవరం శాసనసభ్యులు
శ్రీ వై. సత్యకుమార్ యాదవ్ గారికి,



కిడ్నీ జబ్బు అనగానే మన రాష్ట్రంలో ఎవరి నోటనైనా ముందు వచ్చే పేరు ఉద్దానం. జీడి, కొబ్బరి తోటల నడుమ ఏళ్ల తరబడి, చడీచప్పుడు లేకుండా కిడ్నీలు పాడైపోయిన ఊళ్లవి. ఎన్నో వినతులు, ఎన్నో సర్వేల తర్వాత 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, దానికి తోడుగా పరిశోధన కేంద్రం తెరుచుకున్నాయి. ఆలస్యంగానైనా జరగవలసిన పనే జరిగింది. అయితే మీ ధర్మవరంలో, పొరుగున పెనుకొండలో, హిందూపురంలో కిడ్నీ దెబ్బతినే తీరు ఇంకొకటుంది. దానికి ఏళ్లు అక్కర్లేదు, రెండు మూడు రోజులు చాలు.

శనక్కాయ చెట్లు పీకి వాములు వేసే రోజుల్లో ఆ చెట్ల కిందే రక్తపింజరి చుట్ట చుట్టుకుని ఉంటుంది. మల్బరీ ఆకు కోయడానికి చీకటితోనే తోటలోకి దిగిన మనిషి కాలు దానిమీద పడుతుంది. ఎండాకాలంలో వాంతులు, విరేచనాలు పట్టుకున్న ముసలాయన రెండు రోజులు మంచం మీదే ఉండిపోతాడు, ఓఆర్ఎస్ పొట్లం కూడా ఎవరూ కలిపివ్వరు. గుంత మగ్గంలో కూర్చుని కూర్చుని నడుము పట్టేసిన నేతగాడు చీటీ లేకుండా దొరికే నొప్పి మాత్రలు మింగుతూ పోతాడు. ఇంట్లో మాటామాటా పెరిగి తల రంగు తాగేసిన అమ్మాయిని రాత్రికి రాత్రి ఆటోలో తెస్తారు. దారులు ఇన్ని ఉన్నా చేరే చోటు ఒకటే. మూత్రం తగ్గిపోతుంది, ముఖం ఉబ్బుతుంది, కిడ్నీలు బయటికి పంపవలసిన క్రియాటినిన్ రక్తంలో పైకి పోతుంది. ఉన్నట్టుండి కిడ్నీలు దెబ్బతినే ఈ స్థితిని డాక్టర్లు ఏకేఐ అంటారు.

ఉద్దానానికి పటం మీద ఒక చోటుంది. ఏకేఐకి అలాంటి చోటు లేదు. ఒక్కో ఊళ్లో ఒకరు, ఒక్కో కాలంలో ఒక కారణం. అందుకే ధర్నా చేయడానికి నలుగురు పోగవరు, పత్రికల్లో వరుస కథనాలు రావు. రోగి కోలుకుంటే ఇంటికి పోతాడు, లేకపోతే పాముకాటనో విషమనో కాగితం మీద రాసి ఊరుకుంటారు. చావుకు ముందు ఆగిపోయింది కిడ్నీ అన్న సంగతి ఆ కాగితంలో ఎక్కడా ఉండదు.

2013లో అంతర్జాతీయ నెఫ్రాలజీ సమాజం ఒక లక్ష్యం పెట్టుకుంది. నివారించగలిగిన ఏకేఐ వల్ల, వైద్యం అందక, 2025 నాటికి ఒక్కరూ చనిపోకూడదని. ఆ ప్రచారంలో భాగంగా 2015లో లాన్సెట్‌లో వచ్చిన నివేదిక, ఏటా 1 కోటి 33 లక్షల మందికి ఏకేఐ వస్తోందని, అందులో 85 శాతం మన లాంటి దేశాల్లోనే అని, 17 లక్షల మరణాలకు అది కారణమవుతోందని అంచనా కట్టింది. ఆ తర్వాత 72 దేశాల్లో రోగుల వివరాలు తీసి చూస్తే, పేద దేశాల్లో ఏకేఐకి అన్నిటికన్నా పెద్ద కారణం ఒంట్లో నీరు పోవడమే అని తేలింది. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లతో ఆగేది! 2025 వచ్చింది, పోయింది. లక్ష్యం కాగితం మీదే ఉంది.

ఇదంతా మీ శాఖ అధికారులకు తెలియనిది కాదు. ఈ లేఖ అడగబోయేది వేరే. ఏకేఐలో రోగనిరోధక కణాల పాత్ర మీద ప్రపంచమంతటా పెద్ద ఎత్తున జరుగుతున్న పరిశోధనలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం రోగి ఎక్కడున్నాడన్నది ప్రశ్న.

ముందు ఆ పరిశోధన ఏం చెబుతోందో చూడాలి. గుండె నిమిషానికి పంపే రక్తంలో ఐదో వంతు కిడ్నీలకే పోతుంది. అయినా కిడ్నీ లోపలి పొరల్లో ప్రాణవాయువు ఎప్పుడూ అంతంత మాత్రమే. రాత్రీ పగలూ ఉప్పును, నీటిని వెనక్కి లాగే సన్నని గొట్టాల కణాలు అక్కడే ఉంటాయి. నెత్తురు తగ్గినా, విషం తగిలినా ముందు దెబ్బతినేవి అవే. చచ్చే కణం ఊరికే చావదు. తన లోపలి సరుకును బయటికి చిమ్ముతుంది. శరీరం దాన్ని ప్రమాద సంకేతంగా చదువుతుంది. గంటల్లోనే న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు వచ్చి చేరతాయి. సూక్ష్మజీవిని చంపడానికి పుట్టిన ఆ కణాలకు ఇక్కడ చంపడానికి సూక్ష్మజీవి లేదు. అయినా తమ ఆయుధాలన్నీ ప్రయోగిస్తాయి. సొంత డీఎన్ఏనే వలలా విసురుతాయి. ఆ వల సన్నని రక్తనాళాల్లో అడ్డం పడుతుంది. మొదటి దెబ్బ పాముది, రెండో దెబ్బ సొంత రక్తానిది.

వాటి వెనకే మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలు వస్తాయి. వీటి కథ ఇంకా చిత్రం. 2011లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలుకల్లో చూపించిన దాని ప్రకారం, మొదటి ఒకటి రెండు రోజులు వాపును ఎగదోసే ఈ కణాలే తర్వాతి రోజుల్లో స్వభావం మార్చుకుని మరమ్మతుకు దిగుతాయి. పాత ఇల్లు కూల్చిన మేస్త్రీయే కొత్త గోడ కట్టినట్టు. మొదట్లోనే వాటిని తీసేస్తే కిడ్నీకి మేలు. ఆలస్యంగా తీసేస్తే కీడు. కాబట్టి ఏకేఐలో ఏ మందు ఇవ్వాలన్న దానికన్నా ఎన్నో గంటలో ఇవ్వాలన్నదే పెద్ద ప్రశ్న అవుతుంది.

అంతకు పదేళ్ల ముందు, 2001లో, అమెరికాలో హమీద్ రబ్ బృందం ఎవరూ ఊహించని సాక్షిని తెచ్చి నిలబెట్టింది: టి-కణాలు. అవి నిదానంగా, రోజులకొద్దీ నేర్చుకుని పనిచేసే కణాలని అప్పటిదాకా నమ్మకం. నెత్తురు ఆగి మళ్లీ పారిన కిడ్నీలో గంటల్లో జరిగే నష్టంతో వాటికేం పని? కానీ టి-కణాలు లేని ఎలుకలకు కిడ్నీ దెబ్బ తక్కువగా తగిలింది. సీడీ4 రకం టి-కణాలను తిరిగి ఎక్కిస్తే దెబ్బ కూడా తిరిగి వచ్చింది. 2009లో వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్లు అదే కుటుంబంలోని నియంత్రణ టి-కణాలు దీనికి వ్యతిరేకంగా కిడ్నీని కాపాడతాయని చూపారు. ఇప్పుడు ఒక్కో కణాన్ని విడదీసి అందులో ఏ జన్యువు మేలుకుందో చదివే పద్ధతి వచ్చింది. 2020లో ఆ పద్ధతితోనే, దెబ్బతిన్న గొట్టాల కణాల్లో కొన్ని పూర్తిగా కోలుకోక సగంలో చిక్కుకుపోతాయని, అక్కడినుంచి వాపు సంకేతాలు పంపుతూనే ఉంటాయని ఎలుకల్లో తేలింది. క్రియాటినిన్ మామూలుకు వచ్చి, డిశ్చార్జి అయి, స్వీటు పంచి ఇంటికెళ్లిన మనిషికి కొన్నేళ్ల తర్వాత దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఎందుకొస్తుందో చెప్పే ఆధారాల్లో ఇదొకటి.

మన ఊళ్లకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చే పరిశోధన మాత్రం జపాన్‌ది. దానికో పూర్వకథ ఉంది. 1941లో, లండన్ మీద జర్మన్ విమానాలు బాంబులు కురిపిస్తున్న కాలంలో, శిథిలాల కింద కాళ్లు నలిగిన మనుషులను బతికుండగా బయటికి తీసేవాళ్లు. కొద్ది రోజుల్లోనే మూత్రం ఆగిపోయి వాళ్లు చనిపోయేవాళ్లు. ఎరిక్ బైవాటర్స్ అనే వైద్యుడు, తన సహచరుడు బీల్‌తో కలిసి దీన్ని నమోదు చేశాడు. నలిగిన కండరంలోని పదార్థం రక్తంలో కలిసి కిడ్నీని ముంచుతుందని తర్వాత స్పష్టమైంది. మన దగ్గర బాంబులు పడలేదు. కానీ తల రంగుల్లో వాడే పారాఫినిలిన్ డయమిన్ అనే రసాయనం కడుపులోకి పోతే ముందు గొంతు వాస్తుంది, తర్వాత కండరాలు కరుగుతాయి, ఆ తర్వాత కిడ్నీలు ఆగుతాయి. హైదరాబాద్ నిమ్స్ నెఫ్రాలజీ వైద్యులు 2007లోనే దీని గురించి వైద్య పత్రికలో రాశారు.

2018లో నేచర్ మెడిసిన్‌లో జపాన్ పరిశోధకులు ఆ నడుమ మెట్టు ఏమిటో చూపించారు. కరిగిన కండరం నుంచి వచ్చే హీమ్ అనే పదార్థం రక్తంలోని ప్లేట్‌లెట్లను రెచ్చగొడుతుంది. అవి మాక్రోఫేజ్‌లను రెచ్చగొడతాయి. మాక్రోఫేజ్‌లు కూడా న్యూట్రోఫిల్స్ లాగే డీఎన్ఏ వలలు విసిరి కిడ్నీని దెబ్బతీస్తాయి. పాలలో సహజంగా ఉండే లాక్టోఫెరిన్ అనే ప్రొటీన్ ఇస్తే ఎలుకల్లో ఆ వలలు తగ్గి, కిడ్నీ దెబ్బ కూడా తగ్గింది. (దీన్నిబట్టి విషం తాగినవాళ్లకు పాలు పోయించవచ్చని ఎవరూ అనుకోకూడదు. ఎలుకల్లో ఆ ప్రొటీన్‌ను విడిగా, కొలిచి ఇచ్చారు.) కండరం కరిగిన రోగులు రాయలసీమ ఆసుపత్రుల్లో ఉన్నారు, వలలు చూడగల సూక్ష్మదర్శినులు టోక్యోలో ఉన్నాయి. ఈ రెంటినీ కలిపే తీగ లేదు.

అసలు చిక్కు అక్కడే ఉంది. ఈ రంగంలో వెలువడే పత్రాల్లో పెద్ద వాటా చైనా, అమెరికాలది. వాటిలో ఎక్కువ భాగం నిలబడింది ఎలుక మీద. మత్తిచ్చి, కిడ్నీ రక్తనాళానికి ఇరవై ముప్ఫై నిమిషాలు క్లిప్పు పెట్టి తీసేస్తారు. లేదా సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు ఎక్కిస్తారు. లేదా బ్యాక్టీరియా గోడ ముక్కలు ఎక్కిస్తారు. మనుషుల మీద జరిగే పరీక్షల్లో ఎక్కువమంది గుండె ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, ఐసీయూలో ఉన్నవాళ్లు. శనక్కాయ చేలో ఎలుకను నిజంగానే రక్తపింజరి కరుస్తుంది. ల్యాబులో ఎలుకకు మాత్రం క్లిప్పే గతి. ఆ క్లిప్పు నేర్పిన పాఠం మనిషి దగ్గరికి వచ్చేసరికి చాలాసార్లు తప్పింది. గుండె ఆపరేషన్ తర్వాత ఏకేఐ వచ్చిన 156 మందికి మూలకణాలు ఎక్కించి చూసిన పరీక్ష ఫలితం 2018లో వచ్చింది. ఎలుకల్లో అంత ఆశ చూపించిన ఆ కణాలు మనుషుల్లో కిడ్నీ కోలుకునే కాలాన్ని ఒక్క రోజు కూడా తగ్గించలేదు.

అమెరికా ప్రభుత్వ డబ్బుతో నడిచే ఒక ప్రాజెక్టులో రోగుల కిడ్నీల నుంచే చిన్న ముక్కలు తీసి కణం కణం చదువుతున్నారు. 2023లో నేచర్‌లో దాని పటం అచ్చయింది. ఎంతో విలువైన పని అది. కానీ అందులో రక్తపింజరి కాటు లేదు, తల రంగు లేదు, మలేరియా లేదు.

రక్తపింజరి విషం పనిచేసే తీరు క్లిప్పు కన్నా చాలా వేరు. రక్తం గడ్డకట్టే పదార్థాలను మొత్తం ఖర్చు చేయించి పారేస్తుంది. ఒక పక్క చిగుళ్ల నుంచి నెత్తురు, ఇంకో పక్క కిడ్నీలోని సన్నని నాళాల్లో గడ్డలు. కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రొటీన్ల దళం మేలుకుంటుంది. ఆ గొడవలో న్యూట్రోఫిల్స్ ఏం చేస్తున్నాయి, మాక్రోఫేజ్‌లు ఎన్నో రోజు మనసు మార్చుకుంటున్నాయి? ఎలుక పాఠం ఇక్కడ ఎంతవరకు చెల్లుతుందో ఇక్కడి రోగి రక్తమే చెప్పాలి. 2000 నుంచి 2019 వరకు దేశంలో 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతం ఎక్కువ భారం మోసిన వాటిలో ఒకటి. ఇంత పెద్ద గాయం ఉన్న దేశం ఆ గాయం లోపలి కణాల కథను పరాయి ఎలుకల దగ్గర చదువుకోవడం సిగ్గుపడవలసిన సంగతే.

మంత్రి గారూ, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ హిందూపురానికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడి విష పరిశోధనశాల 2021లో రక్తపింజరి విషం ప్రాంతాన్ని బట్టి ఎంత మారుతుందో, దేశమంతటికీ ఒకటే అయిన విరుగుడు సూది కొన్ని చోట్ల ఎందుకు సరిగ్గా పనిచేయదో చూపించింది. ఆ విరుగుడుకు కావలసిన విషం చాలావరకు తమిళనాడులో ఇరుళ గిరిజనుల సహకార సంఘం పట్టే పాముల నుంచి వస్తుంది. అంటే పాము విషం మీద పనిచేసేవాళ్లు పక్కనే ఉన్నారు. ధర్మవరం దగ్గర బత్తలపల్లిలో ఆర్‌డీటీ ఆసుపత్రి ఉంది. హెచ్‌ఐవీ మీద ప్రపంచం చదివే పత్రాలు పల్లెటూరి నుంచే రాయవచ్చని ఆ ఆసుపత్రి ఇప్పటికే రుజువు చేసింది. పుట్టపర్తి ప్రశాంతిగ్రామంలో 1991 నుంచి ఉచిత సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి నడుస్తోంది. పెనుకొండకు వైద్య కళాశాల మంజూరై ఉంది. ఇన్ని ఉన్నా రోగి మొదటి గంటల రక్తం ఎక్కడా మిగలడం లేదు. క్యాజువాలిటీలో పరీక్షకు తీసిన గొట్టంలోని మిగులు సాయంత్రానికి చెత్త డబ్బాలోకి పోతోంది.

పెద్ద ఆసుపత్రులు రాసేది సరిపోదా అంటే, సరిపోదు. భారతీయ నెఫ్రాలజీ వైద్యుల సంఘం ఏకేఐ మీద రిజిస్ట్రీ నడిపి వివరాలు అచ్చేసింది, మంచిదే. కానీ తిరుపతి స్విమ్స్‌కో, బెంగళూరు విక్టోరియా ఆవరణలోని నెఫ్రో యూరాలజీ సంస్థకో చేరేసరికి మన రోగికి రెండో రోజో మూడో రోజో అవుతుంది. న్యూట్రోఫిల్స్ పని అప్పటికే అయిపోయి ఉంటుంది. క్రియాటినిన్ కూడా ఆలస్యంగా మాట్లాడే సాక్షి. 2012 నాటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 48 గంటల్లో అది 0.3 మిల్లీగ్రాములు పెరిగినా, వారంలో ఒకటిన్నర రెట్లు అయినా ఏకేఐ. పెరిగింది అనాలంటే కనీసం రెండుసార్లు కొలవాలి. మూత్రాన్ని గంటగంటకు కొలిస్తే ఇంకా ముందే పట్టుబడుతుంది, దానికి గీతలున్న సీసా చాలు. పాముకాటుకు శుభ్రమైన గాజు గొట్టంలో రక్తం పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచితే గడ్డకట్టిందో లేదో తెలుస్తుంది. ఈ రెండు పనులకూ బడ్జెట్ అక్కర్లేదు. పరిశోధన ఉన్నా లేకున్నా మీ శాఖ ఒక సర్క్యులర్‌తో ఇవి చేయించవచ్చు.

సర్క్యులర్‌తో అయ్యేవి కాని పనులు కూడా ఉన్నాయి. మూడు ఊళ్ల ప్రభుత్వ ఆసుపత్రుల్లో పాముకాటు, విషం, తీవ్ర జ్వరం, నీరు పోయిన విరేచనాల రోగి వచ్చిన వెంటనే, తర్వాత ఆరో గంటలో, మర్నాడు పొద్దున, వైద్యానికి తీసే రక్తంతోనే ఒక గొట్టం అదనంగా తీయాలి, మూత్రం కూడా. అందులో సగం మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లోకి, కణాలు లెక్కపెట్టవలసిన సగం అదే రోజు బెంగళూరుకు పోవాలి. ఆస్తులమ్ముకుని బెంగళూరు బస్సెక్కే రోగులను రోజూ చూస్తున్న ఊరికి, ఒక ఐస్ డబ్బాను పంపడం కష్టమేమీ కాదు. ఆ తర్వాత తొంభై రోజులకు ఆశా కార్యకర్త అదే మనిషి ఇంటికెళ్లి మళ్లీ క్రియాటినిన్ చూపించాలి. సగంలో చిక్కుకున్న కణాలు ఎవరి కిడ్నీలో మిగిలాయో అప్పుడే బయటపడుతుంది. ముందు డాక్టర్లను వేయండి, డయాలసిస్ యంత్రాలు పెట్టండి, తర్వాత పరిశోధన అని ఎవరైనా అనవచ్చు. ఆ మాటలో న్యాయముంది. అయితే ఎవరికి యంత్రం అవసరమవుతుందో రెండో రోజే తెలియడం కూడా ఆ డాక్టరుకు సాయమే.

మూత్రంలో కణాల ఆనవాలు పట్టడం ఇప్పుడు కల కాదు. నొప్పి మాత్రల వల్ల, కొన్నిసార్లు గ్యాస్ మాత్రల వల్ల కూడా టి-కణాలు కిడ్నీలో చేరి వాపు తెస్తాయి. దీన్ని ఖాయం చేయడానికి ఇన్నాళ్లూ సూదితో ముక్క తీయవలసి వచ్చేది. టి-కణాల్లాంటి లింఫోసైట్లను పిలిచే సీఎక్స్‌సీఎల్9 అనే ప్రొటీన్‌ను మూత్రంలో కొలిచి చాలావరకు చెప్పవచ్చని 2023లో యేల్ వైద్యులు చూపించారు. ధర్మవరం మగ్గాల వీధుల్లో ఈ పరీక్ష ఎందుకు పనికొస్తుందో చేనేత శాఖ మంత్రి, పెనుకొండ శాసనసభ్యురాలు శ్రీమతి ఎస్. సవిత గారికి వేరే చెప్పనక్కర్లేదు. హిందూపురం శాసనసభ్యులు నందమూరి బాలకృష్ణ గారు బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రికి చైర్మన్. ఎలుకల కిడ్నీ దెబ్బతీయడానికి ల్యాబుల్లో వాడే సిస్‌ప్లాటిన్ క్యాన్సర్ ఆసుపత్రుల్లో నిత్యం వాడే మందే. దాని వల్ల కిడ్నీకి వచ్చే ముప్పు ఆ వైద్యులకు కొత్త కాదు. ముగ్గురు శాసనసభ్యులు, ముగ్గురికీ ఇందులో సొంత పని ఉంది. ఒక గదిలో కూర్చుంటే అరగంటలో తేలే విషయం.

వేగం గురించి అనుమానం అక్కర్లేదు. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం కుదిరితే 2019లో కారు బయటికొచ్చింది. పాముకాటును తప్పనిసరిగా నమోదు చేయాలని కర్ణాటక 2024 ఫిబ్రవరిలోనే ఆదేశమిచ్చింది. అదే ఏడాది మార్చిలో కేంద్రం జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది, నమోదు తప్పనిసరి చేయాలని నవంబరులో రాష్ట్రాలన్నిటికీ లేఖ రాసింది. 2030 నాటికి పాముకాటు మరణాలు సగానికి తగ్గించాలన్నది లక్ష్యం. ఆ నమోదు ఫారంలోనే కిడ్నీకి ఒక గడి చేర్చండి: వచ్చినప్పుడు క్రియాటినిన్ ఎంత, మర్నాడు ఎంత, మూత్రం ఎంత.

చివరగా ఒక షరతు, దీన్ని ఒప్పందంలోనే రాయించాలి. రక్తం ఇక్కడిది, పేరు మరెక్కడిదో కాకూడదు. అనుమతి పత్రం తెలుగులోనూ కన్నడలోనూ ఉండాలి, చదువురాని మనిషికి చదివి వినిపించాలి, వద్దంటే వైద్యంలో తేడా రాకూడదు. నమూనాలు రాష్ట్రం దాటితే రోగి పేరు దాటకూడదు. ఫలితం అచ్చయితే క్యాజువాలిటీలో గొట్టం పట్టుకున్న డాక్టరు పేరు, నర్సు పేరు అందులో ఉండాలి. శనక్కాయ పీకుళ్లు అక్టోబరులో మొదలవుతాయి. ఎథిక్స్ కమిటీ అనుమతికి, ఫ్రీజర్ టెండరుకు నెలలు పడతాయి కాబట్టి ఫైలు ఖరీఫ్ విత్తనం పడేలోపే కదలాలి. మొదటి సంతకం మీది.